ఒంటిగంట ఇరవై ఎనిమిది

"ప్రింటర్ పని చెయ్యడం ల్యా సార్," అంది మైమూన్, ఇన్‌స్పెక్టర్ కాటమయ్య ఇంకా గడప దాటకముందే.

అడగని ప్రశ్నకు జవాబిచ్చేవాళ్లను చూస్తే కాటమయ్యకు ఒళ్లు మండుతుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం. నిజానికి ఆ శనివారం పొద్దున ఆయన ఒళ్లు మండటానికి ఆమె మాటే అక్కర్లేదు. రెండు రోజులుగా మండుతూనే ఉంది.

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభై ఐదుకు, ముద్దనూరు దాటాక పులివెందుల రోడ్డులో ఉన్న కల్వర్టు దగ్గర, మాజీ మండలాధ్యక్షుడు కృష్ణయ్య సుమోకు ఎవరో లారీ అడ్డం పెట్టారు. ఆగిన సుమో మీద నాటుబాంబులు పడ్డాయి. కృష్ణయ్య, ఆయన డ్రైవరు అక్కడికక్కడే పోయారు. వెనకే వచ్చిన ఆర్టీసీ బస్సు కండక్టరు టైం రాసిపెట్టాడు కాబట్టి ఆ విషయంలో ఎవరికీ పేచీ లేదు. కళ్లారా చూసినవాడు ఒక్కడే, గొర్రెల తిప్పన్న. అరవై ఏళ్ల మనిషి. చదువు రాదు, లారీ నంబరు చెప్పలేడు. "ముందర బంపరుకు పొట్టేలు కొమ్ములు కట్టిండారు సామీ" అని మాత్రం చెప్పాడు. గొర్రెలవాడి కన్ను ఇంకెక్కడ పడుతుంది? ఆ చుట్టుపక్కల కొమ్ములు కట్టిన లారీ ఒకటే ఉంది. అది బాలకొండయ్యది. నిరుడు పార్టీ టికెట్ల దగ్గర చెడినప్పటి నుంచి కృష్ణయ్యకూ బాలకొండయ్యకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. ఎన్నికలకు ఇంకా మూడు వారాలే.

వ్యవహారం అక్కడితో తేలిపోవాలి. తేలలేదు. బాలకొండయ్య ఒక చీటీ తీసి చూపించాడు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మధ్య రోడ్డు పక్కన ఉన్న లారీల కాటాలో కంప్యూటర్ కొట్టి ఇచ్చిన తూకం చీటీ. దాని ప్రకారం ఆ కొమ్ముల లారీ, ముగ్గురాయి లోడుతో, గురువారం ఒంటిగంట ఇరవై ఎనిమిదికి కాటా మీద ఉంది. కాటాకూ కల్వర్టుకూ మధ్య ముప్పై రెండు కిలోమీటర్లు. పదిహేడు నిమిషాల్లో లోడు లారీ అక్కడికి చేరాలంటే దానికి రెక్కలు ఉండాలి.

ఆ కాటా కూడా బాలకొండయ్యదే. అయినా సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఓబులేసు చీటీని నమ్మాడు, తిప్పన్నను నమ్మలేదు. నమ్మకపోతే పోనీ, శుక్రవారం మధ్యాహ్నానికి సాక్షిని కాస్తా ముద్దాయిని చేసి లాకప్‌లో వేశాడు. బాంబులు దాచిందీ తిప్పన్నేనట, లారీ కథ అల్లిందీ తిప్పన్నేనట. ఈరోజు పన్నెండు గంటలకు మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. రిమాండుకు పోతే ముసలాయన ఉండబోయే జైల్లో బాలకొండయ్య మనుషులు అప్పటికే పదకొండు మంది ఉన్నారు. ఇక తిప్పన్న తన గొర్రెల మొహం చూడడు.

కాటమయ్య తండ్రి కూడా కొండాపురం వైపు గొర్రెలు కాసినవాడే. అది ఆయన ఎవరికీ చెప్పడు. ఆయన గురించి జిల్లాలో అందరూ చెప్పుకునేది వేరు. సీఐడీలోకి రాకముందు పదకొండేళ్లు పోలీసు కంప్యూటర్ సెక్షన్‌లో పని చేశాడు. పెద్ద ఆఫీసర్ల ప్రింటర్లలో ఇరుక్కున్న కాగితాలు పీకీ పీకీ 'వైర్ల కాటమయ్య' అని పేరు తెచ్చుకున్నాడు.

గోడ గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. బయట మూడు లారీలు వరసగా ఆగి ఉన్నాయి.

"ప్రింటర్ ఎప్పటి నుంచి పని చెయ్యడం ల్యా?"

"పొద్దున్నుంచి సార్." మైమూన్‌కు ముప్పై ఏళ్లుంటాయి. కాటాలో మూడేళ్లుగా కంప్యూటర్ ఆపరేటర్. భర్త కువైట్‌లో డ్రైవరు. మాట్లాడుతున్నంతసేపూ గోడ గడియారం చూస్తోందే గానీ ఆయన మొహం చూడటం లేదు.

కాటమయ్య ప్రింటర్ మూత ఎత్తాడు. ఎత్తాడు అనడం మర్యాద, పీకాడు. అత్త మీది కోపం దుత్త మీద తీరింది. లోపల కాగితాన్ని లాగే పళ్ల చక్రం సందులో ఒక చీటీ ముక్క దూరి ఉంది. చిమటాతో బయటికి లాగి, విప్పి, ఆమె ముందు పెట్టాడు.

"ఇరుక్కున్న కాగితం నలుగుతాది, చినుగుతాది. నాలుగు మడతలు దానంతటది పెట్టుకోదు. నువ్వే పెట్టినావా?"

వెనక నిలబడ్డ హుమాయున్ గొంతు సవరించుకున్నాడు. ప్రొద్దుటూరులో ముగ్గురాయి పొడి చేసే మిల్లు ఒకటుంది. ఈ కాటాలో తూకమైన లోడు చాలావరకు అక్కడికే పోతుంది. హుమాయున్ ఆ మిల్లు కంప్యూటర్ల మెకానిక్కు. 'ఆ కాటా నుంచి వచ్చే టైములు ఎప్పుడూ తప్పే, మా హుమాయున్ పోయి బాగు చేస్తూనే ఉంటాడు' అని మిల్లువాళ్లు చెప్పగానే కాటమయ్య పొద్దున్నే పోయి అతన్ని జీపులో ఎక్కించుకొచ్చాడు.

"ఇప్పుడు పని చేస్తాది," అన్నాడు కాటమయ్య. "మొదటి లారీని ఎక్కించు. చీటీ కొట్టు."

"ఇంకొంచేపు ఆగితే..."

"ఎందుకు ఆగల్ల?"

మైమూన్ కూర్చుంది. బయట లారీ కాటా ఎక్కింది. ఆమె మౌస్ పట్టుకుంది. తూకం ప్రోగ్రాం తెర మీదే ఉంది, దాని మీద నొక్కితే చాలు. కానీ బాణం అటు పోలేదు. తిన్నగా తెర కింద కుడి మూలకు, కంప్యూటర్ గడియారం మీదికి పోయింది. రెండుసార్లు నొక్కింది కూడా. గడియారం మార్చే పెట్టె తెరుచుకుంది. అప్పుడు గాని ఆమెకు తానేం చేసిందో తెలియలేదు. మనసు జాగ్రత్త పడింది గానీ మూడేళ్లుగా అలవాటు పడ్డ చెయ్యి పడలేదు.

"చీటీ కొట్టమంటే గడియారంతో నీకేం పని?"

మైమూన్ మౌస్ వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

కాటమయ్య ఆమెను లేపి తానే కూర్చున్నాడు. గురువారం చీటీల పట్టిక తెరిచాడు. ఒంటిగంట ఇరవై నుంచి ఒంటిగంట ఇరవై తొమ్మిది దాకా ఏడు లారీలు తూకమయ్యాయి. ఒక లారీ కాటా ఎక్కి, కుదురుకొని, ముల్లు నిలిచి, దిగాలంటే తక్కువలో తక్కువ నాలుగు నిమిషాలు. తొమ్మిది నిమిషాల్లో ఏడు లారీలు! ఆ తర్వాత మూడు గంటల దాకా ఒక్క లారీ లేదు. మూడూ రెండుకు మళ్లీ మొదలు.

శుక్రవారం పట్టిక తీశాడు. పదిన్నరకు ముందు ఎనిమిది నిమిషాల్లో ఆరు లారీలు. పదిన్నర నుంచి పన్నెండు దాకా ఖాళీ. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా ఖాళీ. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర. రోజూ గంటన్నర ఖాళీ, కానీ ఏ రోజు ఖాళీ ఆ రోజుదే.

భోజనాల వేళ అయితే రోజుకొక తీరున మారదు. కరెంటు కోత అయితే ఇంత కచ్చితంగా గంటన్నర ఉండదు. కాటమయ్య తలెత్తి గోడ మీది క్యాలెండరు చూశాడు. దాని అడుగున ఎర్ర గీతల పట్టీ ఉంది. సోమ, ఏడున్నర తొమ్మిది. శుక్ర, పదిన్నర పన్నెండు. గురు, ఒకటిన్నర మూడు. శని, తొమ్మిది పదిన్నర. ఇప్పుడు నడుస్తున్నది అదే.

"రాహుకాలం," అన్నాడు పళ్ల బిగువున. "రాహుకాలంలో వచ్చిన లారీకి గడియారం ఎనక్కి తిప్పి చీటీ కొడతాండారు. అంతేనా?"

మైమూన్ కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ గొంతులో ఉన్నది ఏడుపు కాదు, కోపం. "నేనేం జేసేది సార్? మూడేండ్ల కిందట రాహుకాలంలో తూకమైన లారీ గువ్వలచెరువు ఘాట్‌లో పడి డ్రైవర్ సచ్చినాడంట. అప్పటి నుంచి చీటీ మింద ఆ టైం కనపడితే డ్రైవర్లు బండి తియ్యరు. గంటన్నర కాటా మూసేస్తే ఓనరు ఒప్పుకోడు. టైం మార్చి కొట్టు, మళ్లీ సరి చెయ్యి అన్నాడు. అయిదు పూట్ల నమాజు చేసేదాన్ని, నాకు రాహువేంది కేతువేంది అంటే, నీ దేవుడు నీకు, జీతం నాది అన్నాడు. రోజూ గడియారం ఎనక్కి తిప్పి చీటీలు కొట్టేది, నా చేతి వాచీ చూసి మళ్లీ ముందరికి తిప్పేది. ఇదీ నా కంప్యూటర్ ఉద్యోగం!"

ఇంతలో వెనక నుంచి ఒక అరుపు వినిపించింది. హుమాయున్‌ది.

"నాలుగు బ్యాటరీలు మార్చినాను గదమ్మా!"

ఇద్దరూ తిరిగి చూశారు. హుమాయున్ మొహం ఎర్రబడింది. "చీటీల టైం ముందూ ఎనకా అయితే మిల్లు కంప్యూటర్ తీసుకోదు సార్. తప్పు తప్పు అని గీ పెడుతుంది. మేనేజరు నన్ను పిలిచి తిడతాడు. నేను ప్రొద్దుటూరు నుంచి ఎండలో బండేసుకొని ఈడికొచ్చి, గడియారం బ్యాటరీ పోయిందేమోనని కొత్తది ఏస్తా. నాలుగు బ్యాటరీలు, ఒక బోర్డు! నాకు పని రాదని మిల్లులో అందరూ నగుతాండారు. వచ్చినప్పుడల్లా టీ ఇస్తివి, భాయ్ భాయ్ అంటివి, నేనే తిప్పుతాండా అని ఒక్క మాట చెప్పకపోతివి!"

"చెప్తే నా ఉద్యోగం పోదా భాయ్?"

"నాది పోయేదానికి ఉండాది గదా!"

"ఆపండి," అన్నాడు కాటమయ్య. హుమాయున్ బాధ న్యాయమైనదే. ఇలాంటి తిట్లు ఆయనా పదకొండేళ్లు తిన్నాడు. కానీ పన్నెండు గంటలకు మేజిస్ట్రేటు. "మైమూన్, సూటిగా చెప్పు. గురువారం ఆ కొమ్ముల లారీ నిజంగా ఎన్నింటికి కాటా ఎక్కింది?"

ఆమె చేతి వాచీని కొంగు కింద దాచుకుంది.

"నాకు యాదిల్యా సార్."

"ఉండాది. నీ చేతి వాచీ చూసి గడియారం సరి చేసుకునేదానివి, నీకు యాదిలేకుండా ఎట్లుంటుంది? ఆడ ఒక ముసలాయన నిజం చెప్పిన పాపానికి లాకప్‌లో ఉండాడు."

"ఉండాడు సార్! నిజం చెప్పినందుకే ఉండాడు!" మైమూన్ గొంతు పెంచింది. "నన్ను గూడా చెప్పమంటాండారు. చెప్తా. సాయంత్రానికి మీరు కడపకు పోతారు. నా బిడ్డ జమ్మలమడుగులో నాలుగో తరగతి. బడి నుంచి నడిచి వస్తుంది. మీరొచ్చి తోడు నడుస్తారా?"

సాయంత్రానికి కడపకు పోవాల్సినవాడే కాటమయ్య. అందుకే ఆయనకు తన మీద తనకే కోపం వచ్చింది. ఒకరి నోటితో చెప్పించలేని నిజాన్ని వేరే చోట వెతకాలి. సీపీయూ లోపలి పాత ఫైళ్లలో ఏమైనా మిగిలి ఉంటుందేమోనని మళ్లీ మౌస్ పట్టుకున్నాడు.

బయట జీపు ఆగింది. బూట్ల చప్పుడు.

"ఏం కాటమయ్యా, మళ్లా వైర్లు పీకుతాండావా?"

ఓబులేసు ఇద్దరు కానిస్టేబుళ్లతో లోపలికి వచ్చాడు. ట్రైనింగు ఇద్దరిదీ ఒకే ఏడాది. అప్పటి నుంచి ఇద్దరికీ పడదు. మైమూన్ గోడకు అతుక్కుపోయింది.

"నీ చీటీ అబద్ధం ఓబులేసూ," అన్నాడు కాటమయ్య లేవకుండానే. "ఈ కాటాలో రాహుకాలం వస్తే గడియారం ఎనక్కి తిప్పుతారు. తొమ్మిది నిమిషాల్లో ఏడు లారీలు తూకమైనట్టు ఉండాది, చూడు."

ఓబులేసు తెర వైపు కూడా చూడలేదు. "నిన్నటి దాకా కంప్యూటర్ అబద్ధం చెప్పదు అని జిల్లా అంతా పాఠాలు చెప్తివి. ఇయ్యాల చెప్తాదా? సరే, చెప్పిందనుకుందాం. ఒంటిగంట ఇరవై ఎనిమిది కాదు. మరి ఎన్ని? పన్నెండున్నర అయ్యుండొచ్చు గదా? అబద్ధమని అరిస్తే సాలదప్పా, నిజమేందో కోర్టుకు చెప్పల్ల. చెప్పు!"

ఓబులేసు అన్నది తప్పు కాదు. అదే కాటమయ్యకు ఇంకా మంట.

"ఒక లారీ ఓనరు, సొంత కాటాలో కొట్టిన చీటీ తెచ్చిస్తే నువ్వు కండ్లకు అద్దుకొని తీసుకుంటివి. చూసినోణ్ణి తెచ్చి లోపలేస్తివి. కంచే చేను మేస్తే ఇంక కాపలా ఎందుకు?"

"మాటలు జాగ్రత్త!" ఓబులేసు బల్ల మీద లాఠీతో కొట్టాడు. ప్రింటర్ మూత ఎగిరిపడింది. "నేను తెల్లకాగితం మింద కేసు రాసేవాణ్ణి గాదు. గురువారం కల్వర్టు నుంచి వస్తా, ముద్దనూరులో ఎస్టీడీ బూతు కాడ ఆగి ఈ కాటాకు ఫోన్ చేసి చీటీ చదివించుకున్నా. రెండూ ఇరవైకల్లా వైర్‌లెస్‌లో కడప కంట్రోల్ రూమ్‌కు చెప్పినా, బాలకొండయ్య లారీ ఒకటిన్నర లోపలే తూకమయింది అని. వాళ్ల పుస్తకంలో టైంతో సహా రాసుకున్నారు. పోయి చూసుకో. నువ్వు ఇయ్యాల కనుక్కునేది నేను అరగంటలో కనుక్కున్నా. పని చేసేదానికి వైర్లు అక్కర్లేదు, బుర్ర ఉండల్ల."

కానిస్టేబుళ్ల వైపు తిరిగాడు. "ఆ పెట్టె ఎత్తండిరా. కేసు సొత్తు."

"కేసు సీఐడీకి ఇచ్చినారు, నా చేతికి వచ్చింది ఓబులేసూ. అది ముట్టుకోవద్దు."

"నీ చేతికి వచ్చినట్టు కాగితం నాకు రాల్యా. వచ్చినంక మాట్లాడు."

కానిస్టేబుల్ ఒకడు కరెంటు వైరు పట్టుకొని ఒక్క గుంజు గుంజాడు. తెర నల్లబడింది. రన్ అవుతున్న మిషన్‌ను అలా ఆపితే ఫైళ్లు ఏమవుతాయో తెలిసిన ఇద్దరు ఆ గదిలో ఉన్నారు, ఇద్దరూ ఒకేసారి "రేయ్" అన్నారు. ఎవరూ వినలేదు. సీపీయూను బియ్యం మూటలా భుజానికెత్తుకొని పోయారు. ఓబులేసు గడప దగ్గర ఆగి మైమూన్ వైపు ఒకసారి చూశాడు.

"నీ బిడ్డ బాగా చదువుతాందంట గదమ్మా," అన్నాడు.

జీపు పోయింది. టైం పదీ పది.

మైమూన్ కిందికి జారి కూర్చుంది. కాటమయ్య గోడ మీద గుద్దాడు. చెయ్యి నొప్పి పుట్టింది గానీ కోపం దిగలేదు. ఉన్న ఒక్క ఆధారం భుజమెక్కి పోయింది. అప్పుడు హుమాయున్ మెల్లగా నోరు విప్పాడు.

"సార్, ఇంకొక ఫైలుండాది."

"యాడ?"

"మిల్లులో. చీటీ కొట్టిన ప్రతిసారీ ఈ మోడెం ఫోన్ లైన్ మింద దాన్ని ప్రొద్దుటూరుకు పంపుతాది సార్. చీటీ మింద టైం ఈ కంప్యూటర్‌ది. అయితే చీటీ అందుతానే, అది అందిన టైంను మిల్లు కంప్యూటర్ సొంతంగా ఇంకో ఫైల్లో రాసుకుంటుంది. ఆ గడియారాన్ని ఎవరూ ముట్టుకోరు."

"ఇంతసేపు ఎందుకు చెప్పల్యా?"

"అది మిల్లుకు కావల్సిన ఫైలు గాదు సార్. నేను నాకోసం పెట్టుకున్నా. లైను పోయి చీటీ ఆలస్యమైనా నన్నే తిడతారు గదా. తప్పు నాది కాదని చూపించేదానికి. ఇంతవరకూ ఎవరూ అడగల్యా, నేనూ మర్చిపోయినా."

తిట్లు తప్పించుకోవడానికి ఒక మెకానిక్కు గుట్టుగా దాచుకున్న ఫైలు! కాటమయ్య బల్ల మీది ఫోను తీసి అతని చేతిలో పెట్టాడు.

మిల్లులో ఆపరేటర్ పదకొండైతే గాని రాడు. ఫోనెత్తింది స్టోర్స్ గుమాస్తా లాల్ బాషా. మేకులూ గోనెసంచులూ తప్ప జీవితంలో దేన్నీ ముట్టుకోని మనిషి. హుమాయున్, ఇన్‌స్పెక్టర్ వినాలని తెలుగులోనే మాట్లాడాడు.

"లాల్ బాషా మామూ, కంప్యూటర్ ముందర కూచో. పక్కన ఎలుక మాదిరి ఉంటాది, పట్టుకో."

"పట్టుకున్నా. మేనేజర్ చూస్తే తిడతాడేమో రా."

"నేను చూసుకుంటా. కదిలించు. తెర మింద బాణం కదుల్తాందా?"

"ఏం బాణం? యాడా ల్యా."

"బాగా కదిలించు మామూ."

"కదిలిస్తాండా, చెయ్యి నొప్పి పుడతాంది. ఏమీ ల్యా. అంతా నల్లగా ఉండాది."

హుమాయున్ నుదురు కొట్టుకున్నాడు. "తెరే ఎయ్యల్యా! దాని కింద బొత్తాం ఉంటాది, నొక్కు." కాసేపటికి, వెలిగింది అన్నాడు లాల్ బాషా. పదీ ఇరవై దాటింది. పచ్చ సంచి బొమ్మ మీద రెండుసార్లు నొక్కమంటే ఒకసారి నొక్కి, నింపాదిగా ఊపిరి పీల్చుకొని, రెండోసారి నొక్కాడు. తెరుచుకోలేదు. వెంటవెంటనే నొక్కమంటే ఎలుకను లాగేశాడు, సంచి బొమ్మ ఎటో పోయింది. మధ్యలో లైను తెగింది. మళ్లీ కలిసేసరికి పదీ ముప్పై. కాటమయ్య గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతూ, తెలిసిన బూతులన్నీ లోపల్లోపల ఒక వరస పూర్తి చేశాడు. ఇంతసేపూ హుమాయున్ గొంతు ఒక్కసారి పెంచలేదు. ఈ పని రోజూ చేసేవాడివల్ల తప్ప అది ఇంకెవరివల్లా కాదు.

"తెరుచుకుందిరా!" అన్నాడు లాల్ బాషా ఆఖరికి. "అంతా అంకెలే."

కాటమయ్య ఫోను లాక్కున్నాడు. తన దగ్గరున్న చీటీ నకలు మీద నంబరు చూశాడు. "పదకొండు వందల నలభై ఆరు. దాని పక్కన ఏముందో చదువు పెద్దాయనా. మెల్లగా."

"తారీకు... గురువారందే. ఆయెనక పద్నాలుగు, రెండు చుక్కలు, ముప్పై ఎనిమిది."

రెండూ ముప్పై ఎనిమిది.

"ఇప్పుడు ఆ తెర మింద కుడి మూలన కింద టైం ఎంతుండాది?"

"పది, రెండు చుక్కలు, నలభై ఒకటి."

కాటమయ్య చేతి గడియారం చూసుకున్నాడు. పదీ నలభై ఒకటి. మిల్లు గడియారం నిమిషం కూడా తప్పు లేదు. "చీటీ కొట్టినాక అందడానికి ఎంతసేపు పడతాది?" అని హుమాయున్‌ను అడిగాడు. నిమిషం లోపలే అన్నాడు హుమాయున్. ఒంటిగంటా నలభై ఐదుకు కల్వర్టు దగ్గర బాంబులు. అక్కడి నుంచి లోడుతో ముప్పై రెండు కిలోమీటర్లు. రెండూ ముప్పై ఏడుకు కాటా. కచ్చితంగా సరిపోయింది. తిప్పన్న చెప్పిన ప్రతి అక్షరం నిజం.

సంతోషం గొంతు దాకా వచ్చి అక్కడే ఆగింది. ఇంకొక టైం ఆయన చెవిలో మోగుతోంది. రెండూ ఇరవై.

రెండూ ఇరవైకి ఓబులేసు కంట్రోల్ రూమ్‌కు చెప్పాడు, చీటీ చదివించుకున్నానని. అప్పటికి చీటీ పుట్టనే లేదు. లారీ ఇంకా దారిలో ఉంది. పైగా కొమ్ముల లారీ అని తిప్పన్న నోరు విప్పింది సాయంత్రం నాలుగింటికి. ఎవరూ అడగని లారీకి, ఇంకా కొట్టని చీటీని సాక్ష్యం పెట్టినవాడు ఓబులేసు. 'ఒకటిన్నర లోపలే' అన్నాడు. రాహుకాలం ఒకటిన్నరకు మొదలవుతుందనీ, చీటీ మీద అంతకుముందు టైమే పడుతుందనీ ముందే తెలిసినవాడు తప్ప ఆ మాట అనలేడు. ఓబులేసు కేసును పాడు చేయలేదు. కేసును తయారు చేసిన వాళ్లలో ఒకడు.

"మైమూన్, గురువారం ఓబులేసు నీకు ఫోన్ చేసినాడా?"

"ల్యా సార్. ఆ పొద్దు నాకు ఎవరి ఫోనూ రాల్యా." ఆమె గోడ పట్టుకొని లేచింది. ఏడ్చిన మొహమే, కానీ కళ్ల తడి ఆరిపోయింది. "నా బిడ్డ పేరెత్తినాడు గదా వాడు. రాసుకోండి సార్. రెండూ ముప్పై ఏడుకు నా చేతి వాచీ చూసినా. బంపరు మింద కొమ్ములకు మసి పట్టి ఉండాది. డ్రైవరు చేతులు వణుకుతాంటే చీటీ కింద పడితే నేనే తీసిచ్చినా. రాసుకోండి, సంతకం పెడతా."

"హుమాయున్, రాసుకో," అని కాటమయ్య స్టేషన్ నంబరు తిప్పాడు. స్టేషన్‌లో కాగితాలు రాసే రైటరు ఎత్తాడు.

"నేను సీఐడీ కాటమయ్యను. తిప్పన్నను కోర్టుకు పంపొద్దు. నేనొస్తాండా."

"పోయినారు కదా సార్," అన్నాడు రైటరు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "సీఐ సారు ఆ కంప్యూటర్ పెట్టె ఈడ దించి, ముసలాయప్పను ఎక్కించుకొని పోయి పది నిమిషాలయింది. కోర్టుకు గాదు సార్. బాంబులు దాచిన తావు చూపిస్తానన్నాడంట, కల్వర్టు తట్టు తీసకపోయినారు."

"తిప్పన్న నీ ముందర అన్నాడా ఆ మాట?"

"ల్యా సార్. సీఐ సారు చెప్పినాడు."

"ఎవరెవరు పోయినారు?"

"మనోళ్లు ఎవరూ పోల్యా సార్. కానిస్టేబుళ్లను ఈడ్నే ఉండమన్నాడు. జీపులో ఇంకో ఇద్దరుండారు. ఖాకీ గుడ్డల్లో ల్యారు."

ఇరవై ఏళ్ల సర్వీసులో కాటమయ్య ఎన్నో పంచనామాలు చదివాడు. 'పారిపోబోతుండగా' అనే మాట ఎక్కడ వస్తుందో, దాని ముందు ఏముండకూడదో ఆయనకు తెలుసు. చేతులకు బేడీలున్నవాణ్ణి కాల్చి పారిపోబోయాడని రాయడం కుదరదు.

"బేడీలు ఏసినారా?"

అవతల బల్ల మీద ఏదో ఇనుప గొలుసు చప్పుడైంది.

"నేను తెచ్చిస్తే వద్దన్నాడు సార్. నా బల్ల మిందనే ఉండాయి." రైటరు గొంతు ఇంకా తగ్గించాడు. "రాత్రంతా కొట్టిండారు సార్. పాదాలు వాచిపోయి అడుగెయ్యలేకుంటే, నేనే చంకల కింద చేతులు పెట్టి జీపులోకి ఎక్కించినా. ఆ మనిషి యాడికి ఉరుకుతాడు సార్?"